కట్టుటయా, కాపాడుటయా?

పుణ్యకార్యములలో కట్టించుటకు గల గౌరవము కాపాడుటకు లేదు. పాఠశాలకు గది కట్టించిన దాత పేరు చలువరాతిపై చెక్కబడును. ప్రవేశోత్సవమునాడు పూలదండలు వేయుదురు, ఉపన్యాసము లొసగుదురు. ఆ గది కప్పుపై చేరిన యెండుటాకులను ఏటేట వానలకు ముందు ఊడ్చి, నీరు పోవు తూమును శుభ్రపఱచినవాని పేరు ఏ రాతిమీదను కానరాదు. ఇది లోకరీతియే గదా యని చదువరు లనవచ్చును. ఈ లోకరీతి మన బిడ్డల ప్రాణములమీదికి వచ్చుచున్నదని చెప్పుటయే మా యుద్దేశము.

2004వ సంవత్సరము జూలై 16వ తేదీన తమిళనాటి కుంభకోణములో నొక పాఠశాల కాలిపోయెను. మధ్యాహ్నభోజనము వండుచోట పుట్టిన నిప్పు పూరికప్పున కంటుకొనెను. మండుచున్న కప్పు పిల్లలపై కూలెను. మెట్లదారి యిఱుకు. 94 మంది పిల్లలు మరణించిరి. ఇరువదియొక్క యేండ్లు గడచిన పిమ్మట, 2025 జూలై 25న, రాజస్థానములోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామమున ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు మడిసిరి. అక్కడ నిప్పు, ఇక్కడ వాన. రెండుచోట్లను ముందుగా తెలియరాని దైవఘటన యేదియు లేదు. పూరికప్పు క్రింద పొయ్యి యపాయకరమని మన యిండ్లలో పదేండ్ల బాలికకు సైతము తెలియును.

కావున మేము విచారింపదలచిన ధర్మసందేహ మిది: ఎవరును కావలెనని చేయని కీడునకు పాపులెవరు? చేసిన పాపములను లెక్కించుటలో మనకు నేర్పు మెండు. చేయవలసినది చేయనందున గలుగు పాపమును లెక్కింపవలసివచ్చినప్పుడు మాత్రము కర్మయని పేరుపెట్టి తప్పించుకొందుము.

భవన మొక్కనాటిలో కూలదు. కప్పుమీది తూము ఆకులతో పూడును, నీరు నిలుచును. నిలిచిన నీరు సన్నని పగులున దిగి లోని యినుపకమ్ములకు త్రుప్పు పట్టించును. త్రుప్పుపట్టిన యినుము ఉబ్బును. ఉబ్బి, తన్ను కప్పియున్న కాంక్రీటును పెచ్చులుగా రాల్చును. గోడసందున మొలచిన రావిమొక్క వేళ్లు దింపును. మొదటియేట చీపురుతో తీరు పని మూడవయేట తాపీవానికి, పదవయేట ఇంజనీరునకు, ఆపైన న్యాయస్థానమునకు చేరును.

ఈ పదియేండ్లలో ఆ పెచ్చులను చూడనివా రెవరు? పిల్లలు చూచిరి; వారి మాట వినువారు లేరు. ఉపాధ్యాయుడు చూచి పైకి వ్రాసెను. వ్రాసితిని గదా యని తృప్తి నొందెను. గుమాస్తా ఆ కాగితమును దస్త్రమున చేర్చెను. అధికారి నిధులకై నిరీక్షించెను. స్తోమత గల తండ్రి తన బిడ్డను వేఱొక బడికి మార్చెను; లేని తండ్రి దేవునిపై భారము వేసెను. ఎవరి పని వారు చేసినట్లే యున్నది. కప్పు మాత్రము కూలినది. కుంభకోణపు విషయమున 2014లో విచారణ న్యాయస్థానము పదుగురిని దోషులుగా నిర్ణయించెను. చట్టమునకు పేర్లును సాక్ష్యములును కావలెను గనుక అది కొందరికడ నాగును. ధర్మ మట్లు ఆగదు. ధనము పంచుకొన్నకొలది తఱుగును. బాధ్యత పంచుకొన్నకొలది తఱుగునని తలచుటయే మన భ్రాంతి. పదిమంది చూచి యూరకున్నచో ఒక్కొక్కరికి పదవవంతు దోషము కాదు, ప్రతివానికిని పూర్ణదోషమే.

పూర్వము గురువులు చెట్లక్రింద చదువు చెప్పలేదా, విద్యకు భవనమేల యని కొందరు పెద్దలు వాదింతురు. ఈ వాదమున విద్యపై గౌరవము కలదు గాని వివేకము లేదు. చెట్టునీడను కోరి కూర్చుండుట వేఱు, కూలెడు కప్పుక్రింద బలవంతముగా కూర్చుండబెట్టుట వేఱు. అదియును గాక, ఆ చెట్లక్రింద ఎందరు బాలికలు కూర్చుండిరో యోచించినచో, నేటి బడికి గోడయు, తలుపును, మరుగును ఏల కావలెనో తెలియగలదు.

కొంతకాలము క్రిందట మే మొక పల్లెబడికి పోయితిమి. ఆడపిల్లలకై క్రొత్తగా కట్టిన మరుగుదొడ్డి గోడలపై అందమైన బొమ్మలు కూడ వేయబడియుండెను. తలుపునకు తాళము వేసియుండెను. వాడినచో పాడగునని ప్రధానోపాధ్యాయుడు చెప్పెను. తాళపుచెవి, తనిఖీకి వచ్చువారికొఱకు, ఆయన బల్లసొరుగులో భద్రముగా నుండెను. ఉదయ మిల్లు విడిచినది మొదలు సాయంకాలమువఱకు తాను నీళ్లు త్రాగనని ఒక బాలిక మాతో వచ్చిన స్త్రీతో మెల్లగా చెప్పెను. ఆ ప్రధానోపాధ్యాయుడు దుష్టుడు కాడు. తొట్టికి నీరెక్కదు, కడుగువారికి జీతము లేదు. కట్టుటకు డబ్బిచ్చినవారు కడుగుటకు డబ్బీయలేదు. ఆయన చేతనున్న సాధనము తాళ మొక్కటియే. అయినను ఆ బాలిక దప్పికకు ఎవరో యొకరు ఉత్తరవాదులు కావలెను గదా!

శాసనముల కొఱత మనకు లేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ఎల్ల ఋతువులకు తట్టుకొను భవనము, బాలబాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరి, అవిటిపిల్లలకును అడ్డులేని దారి కావలెనని విధించినది. కుంభకోణపు దుర్ఘటనపై వేయబడిన వ్యాజ్యమున 2009లో సుప్రీముకోర్టు, విద్యాహక్కునందు సురక్షితమైన పాఠశాలలో చదువుకొను హక్కు కూడ ఇమిడియున్నదని తీర్పు చెప్పినది. ఆంధ్రప్రదేశమున 2019లో ఆరంభమైన నాడు–నేడు మొదటివిడతలో 15,715 పాఠశాలలను, తెలంగాణమున 2022లో ఆరంభమైన మన ఊరు–మన బడిలో 26,065 పాఠశాలలను బాగుచేయుటకు చేపట్టిరి. ఇవి స్వల్పకార్యములు కావు. కాని నేడు క్రొత్తగా కట్టిన ప్రతి కప్పునకును పదియేండ్లకు పాతబడుట తప్పదు. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అమ్మఒడి ధనమునుండి వేయిరూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకై మినహాయించెను. తల్లుల సొమ్మునుండి తీయుట న్యాయమా యనునది చర్చింపదగినదే. కాని కట్టుటకు వేఱు ధనము, నిలుపుటకు వేఱు ధనము కావలెనను గుర్తింపు అందు గలదు.

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. మన ప్రాచీన దానశాసనముల చివర తఱచుగా నొక మాట కానవచ్చును: దానము చేయుటకంటె, ఒరులు చేసిన దానమును పాలించుట శ్రేయస్కరమని, దానమున స్వర్గము లభించినచో, పాలనమున చ్యుతిలేని పదము లభించునని. చెఱువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా నెన్నిన మన పెద్దలు, కట్ట తెగిన చెఱువు ఊరిని ముంచునని కూడ నెఱుగుదురు. రాగిరేకులపై మనమే చెక్కుకొన్న ధర్మమును చలువరాతి కాలమున మఱచితిమి.

మఱి చేయవలసిన దేమి? విద్యాహక్కు చట్టము ప్రతి సర్కారుబడికిని నిర్వహణసంఘము నేర్పఱచి, అందు మూడువంతులు తల్లిదండ్రులును, మొత్తములో సగము స్త్రీలును ఉండవలెనని చెప్పినది. ఇది మిక్కిలి తెలివిగల యేర్పాటు. వానకారు రాకముందే యింటికప్పు చూచుకొనుట, పొయ్యికి దూరముగా పిడకల నుంచుట, తొట్టి కడుగుట యను విద్యలలో మన గృహిణులు ఆరితేరినవారు. ఆ నేర్పు ఇంటిగడప దాటి బడిగడప త్రొక్కవలెను. సంఘసభలో సంతకము చేసి తిరిగివచ్చుట చాలదు. కప్పెక్కి చూచితిరా, తూము పాఱుచున్నదా, నిప్పార్పు సాధనమును వాడుట ఎవరికైన తెలియునా యని యడుగవలెను. ప్రైవేటుబడికి ధనము చెల్లించు తల్లిదండ్రులును నిశ్చింతగా నుండరాదు. నాలుగంతస్తుల భవనమున కిటికీల కన్నిటికి ఇనుపచువ్వలు బిగించి, రెండవ మెట్లదారికి తాళము వేసిన బడి, పూరికప్పు బడికంటె ఏవిధమున మేలు?

మన బిడ్డ ఆ బడిలో లేకపోయినను, ఆ బడి మన యూరిలో నున్నది. ఈ వేసవి ముగియులోపల చదువరు లొక్కసారి తమకు దగ్గఱనున్న పాఠశాలకు పోయి, మరుగుదొడ్డి తాళపుచెవి యెవరియొద్ద నున్నదో కనుగొందురుగాక. అది బల్లసొరుగులో నున్నచో, దానిని బయటికి తెచ్చుటకు వలయు నీటిని, జీతమును సమకూర్చుటయే మొదటి పుణ్యకార్యము. దానికి చలువరాయి అక్కఱలేదు.