పరిసరాలూ, మూలకణమూ

చదువు రాని కుర్రాణ్ణి గురించి ఒక ఉపాధ్యాయ మిత్రుడు, "వాడేం చేస్తాడండీ, వాడి పరిసరాలు అట్లాంటివి" అన్నాడు. ఆ మాటలో జాలి ఉంది, కొంత నిజం కూడా ఉంది. లేనిది ఆ కుర్రాడే.

2006లో అమెరికాలో ఎంగ్లర్, డిషర్ ప్రభృతులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ఇంకా ఫలానా కణమని తేలని మూలకణాలను ఎముక మజ్జ నుంచి తీసి, పాలీఎక్రిలమైడ్ జెల్ మీద పెంచారు. జెల్‌కు పూసిన కొలాజెన్ ఒకటే, పోసిన పోషక ద్రవం ఒకటే. మార్చింది జెల్ గట్టిదనాన్ని మాత్రమే. మెదడంత మెత్తగా, 1 కిలోపాస్కల్ లోపు ఉన్నచోట కణాలు నాడీకణాల లక్షణాలు చూపాయి. 10 దరిదాపుల్లో కండరం వైపు, 25 దాటినచోట ఎముక వైపు మళ్ళాయి.

పరిసరాలదే పెత్తనమని చప్పట్లు కొట్టబోయేవారు కాస్త ఆగాలి. కింద ఉన్నది మెత్తనో గట్టిదో కణానికి ఎట్లా తెలుస్తుంది? తన లోపలి మయోసిన్ అనే ప్రోటీను బలంతో అది నేలను పట్టి లాగుతుంది. ఎంత సాగిందన్నదాన్నిబట్టే దానికి తెలుస్తుంది. బ్లెబిస్టాటిన్ అనే మందుతో ఆ లాగడాన్ని ఆపేశారు. ఇక జెల్ ఎంత గట్టిదైనా కణాలు ఏ దారీ పట్టలేదు. పరిసరాలు మాత్రం మారలేదు సుమా!

పరిస్థితులు మనుషులను మారుస్తాయని చెప్పి, పరిస్థితులను మార్చేది మనుషులేనన్న సంగతి మరచినందుకే, 1845లో మార్క్స్ ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న సూత్రాల్లో పాత భౌతికవాదాన్ని తప్పుపట్టాడు. అట్లాగని కణాన్ని మార్క్సు పక్షాన సాక్ష్యానికి పిలవడం లేదు. శాస్త్రాన్ని అట్లా పిలిచినందువల్ల జరిగిన చేటు మనకు తెలుసు. పరిసరాలు వంశపారంపర్యాన్నే తిరగరాస్తాయంటూ 1948లో లైసెంకో సోవియట్ జన్యుశాస్త్రాన్ని అణగదొక్కాడు. అతన్ని ఎదిరించిన వవిలోవ్ 1943లోనే జైల్లో చనిపోయాడు. జెల్ జన్యువులను తిరగరాయదు. ఉన్నవాటిలో ఏవి పనిలోకి దిగాలో తేల్చడంలో దానికి పాలు ఉంటుంది, అంతే. ఈ తేడాను చెరిపేసినవారు పరాయివాళ్ళు కారు, మనవాళ్ళే.

అయినా, నేను వద్దన్న పోలికే నన్ను వదలడం లేదు. 2014లో ఆన్సెత్ బృందం, వెలుతురు సోకితే మెత్తబడే జెల్‌ను వాడింది. గట్టి జెల్ మీద ఒక రోజు ఉన్న కణాలు, నేల మెత్తబడగానే ఎముక పోకడను వదిలాయి. పది రోజులున్నవి వదల్లేదు. నేల మారింది గదా, ఇంకా మారవేం అని వాటిని ఎవరూ తిట్టలేదు. గట్టి నేల మీద ఎన్నాళ్ళున్నాయో లెక్క చూశారు.