టిఫిన్ డబ్బాలో రెండు చేపలు

సంక్రాంతి సెలవులకు మా అన్నయ్య కొడుకు చెన్నై నుంచి వడమాలపేట వచ్చాడు. తొమ్మిదేళ్ళవాడు. గాలం, ఎర, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని చెరువుకు బయల్దేరాం. "ఎవర్నీ అడగక్కర్లేదా అత్తా?" అన్నాడు. "పసివాడివి, నిన్నెవరేమంటారు!" అన్నాను.

చూశారా, పిల్లల్ని అడ్డం పెట్టుకుని పెద్దవాళ్ళం ఎన్ని పనులు కానిచ్చేస్తామో! మన పల్లెల్లో గాలానికి లైసెన్సంటే నవ్వుతారు గానీ, చెరువులో చేపల మీద హక్కు పంచాయతీ పాటలోనో, మత్స్యకారుల సహకార సంఘానికో పోతుంది. పాడుకున్నవాళ్ళు డబ్బు కట్టి, పిల్లను కొని వదులుతారు. నీళ్ళు ఊరివి, చేపలు వాళ్ళవి. 1897 నాటి చేపల చట్టం నీళ్ళలో మందు పేల్చడాన్నీ, విషం కలపడాన్నీ నేరమంది. పసివాడి గాలం అంత ఘోరమేం కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పదహారేళ్ళలోపు పిల్లలకు లైసెన్సే అక్కర్లేదు. అయితే ఇన్నే పట్టాలి, చిన్నవి వదిలెయ్యాలి అన్న లెక్క మాత్రం వాళ్ళకూ ఉంటుంది. నాకది సబబే అనిపిస్తుంది.

పొద్దు వాలేవేళకు కాపలా పెద్దాయన వచ్చాడు. వాడి చేతిలో జానెడైనా లేని బొచ్చెపిల్ల.

"పోనీలేమ్మా, ఒకటే గదా. కార్తీకంలో పోసిన పిల్ల, ఇంకా ఎదగలేదు" అన్నాడు.

వాడు దాన్ని మెల్లిగా నీళ్ళలో వదిలేశాడు. డబ్బాలో ఉన్న రెండింటి మాట నేనెత్తలేదు.

వాడే మూత తీసి చూపించాడు.