చౌర్యారోపణ – నైతిక బాధ్యత: కాపీరైట్ స్ట్రైక్ వ్యవస్థపై ఒక పరిశీలన

అలంకారశాస్త్రంలో చౌర్యచర్చ పాతదే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణాన్ని శబ్దహరణం, అర్థహరణం అని విడదీశాడు. అర్థసామ్యాన్ని ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని నాలుగు తీరులుగా చూపాడు. ఈ విభజన వెనుక ఒక నైతిక షరతు దాగి ఉంది. పోలిక కనిపించినంత మాత్రాన దొంగ అనకూడదు. ఎంత తీసుకున్నాడు, తీసుకున్నదాన్ని ఏం చేశాడు అని చూసిన తర్వాతే నోరు విప్పాలి. అంటే ఆరోపించేవాడు ముందు పాఠకుడై ఉండాలి.

అంతర్జాల వేదికల మీద ఈ షరతు సడలిపోయింది. అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలోని 512వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదు అందిన వెంటనే వీడియోను తొలగించే వేదికకు చట్టబాధ్యత నుంచి రక్షణ లభిస్తుంది. తొలగిస్తే క్షేమం, తాత్సారం చేస్తే ప్రమాదం అన్నప్పుడు వేదిక విచారణకు మొగ్గు చూపదు. యూట్యూబ్ నియమాల్లో 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ రద్దయ్యే స్థితి వస్తుంది. ఏళ్ల తరబడి చేసిన పనీ, దాని మీద ఆధారపడిన జీవికా మూడు ఫిర్యాదులతో పోవచ్చు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2019 ఆగస్టులో నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన ఒక వ్యక్తిపై యూట్యూబ్ సంస్థే దావా వేసింది. మైన్‌క్రాఫ్ట్ ఆటపై వీడియోలు చేసే ఇద్దరి మీద అతడు తప్పుడు ఫిర్యాదులు పంపి రెండేసి స్ట్రైకులు పడేలా చేశాడనీ, మూడోది పడకూడదంటే డబ్బు చెల్లించాలని కబురు పెట్టాడనీ అందులోని ఆరోపణ. ఒకరిని అడిగింది 150 డాలర్లు. బిట్‌కాయిన్ రూపంలోనైతే 75 చాలన్నాడు. ఈ చవకతనమే ఆలోచించదగినది. ఆరోపణకు ఖర్చు లేనప్పుడు దాన్ని ఎంత తక్కువకైనా అమ్మవచ్చు. మూడో సృష్టికర్త ప్రతినోటీసులో విధిగా రాయాల్సిన తన చిరునామా రాశాక, కొద్ది రోజులకే ఆ ఇంటికి పోలీసులు వెళ్లేలా ఎవరో తప్పుడు సమాచారం ఇచ్చారు. ఇదీ అతడి పనేనని దావా అనుమానించింది. అక్టోబరులో రాజీ కుదిరింది. అతడు బహిరంగ క్షమాపణ చెప్పి, 25,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. ఆ సొమ్ము చేరింది మాత్రం యూట్యూబ్‌కు.

ఒక మోసగాడి కథగా దీన్ని పక్కన పెట్టడం తేలిక. అయితే అసమానత చట్టపాఠంలోనే ఉంది. ఫిర్యాదుదారు అబద్ధప్రమాణ శిక్షకు లోబడి చెప్పవలసింది ఒక్కటే: హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం తనకుందని. ఉల్లంఘన జరిగిందన్న మాటకు సద్భావంతో కూడిన నమ్మకం చాలు. ఎదుటివాడు మాత్రం తన వీడియో పొరపాటున తొలగిందన్న అసలు విషయంపై తన సద్భావ నమ్మకాన్నే అదే శిక్షకు లోబడి చెప్పాలి. నింద మోపేవాడి ప్రమాణం తన హోదాకు పరిమితం. నింద మోసేవాడి ప్రమాణం సత్యానికి సంబంధించినది. ఏ ధర్మసభలోనైనా ఈ క్రమం తలకిందులుగానే కనిపిస్తుంది.

512(ఎఫ్) తప్పుడు ఫిర్యాదుకు నష్టపరిహారం విధిస్తుంది గదా అనవచ్చు. 2007లో ఒక తల్లి, ప్రిన్స్ పాట వినిపిస్తుండగా తన బిడ్డ ఆడుతున్న 29 సెకన్ల దృశ్యాన్ని పెట్టగా సంగీత సంస్థ తొలగింపజేసింది. ఫిర్యాదుకు ముందు న్యాయమైన వినియోగం సంగతి ఆలోచించి తీరాలని 2015లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. రాజశేఖరుడి షరతు అంతవరకు తిరిగి వచ్చినట్టే. కానీ ఆ ఆలోచన సరైనదా కాదా అన్నది న్యాయస్థానం తూచదు. ఫిర్యాదుదారు మనస్ఫూర్తిగా నమ్మితే చాలు. నమ్మకాన్ని అబద్ధమని నిరూపించడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

వేగాన్నే దోషిగా నిలబెట్టడం కూడా సబబు కాదు. తన పాటను పదిమంది తమ ఛానెళ్లలో పెట్టుకుంటే, కోర్టుకెక్కే స్తోమత లేని జానపద గాయకుడికి ఆ వేగమే దిక్కు. అతడికి దక్కిన ఆయుధమే దోపిడీదారు చేతిలోనూ పదునుగా ఉండడం ఇక్కడి చిక్కు.

భారతీయ చట్టం ఈ చిక్కును కొంత గుర్తించింది. 2013 కాపీరైట్ నియమాల్లోని 75వ నియమం 36 గంటల్లో తొలగింపును కోరుతూనే, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే ఆ సమాచారాన్ని పునరుద్ధరించే వీలు కల్పించింది. నిరాధారంగా చట్టచర్య పేరుతో బెదిరించిన వారిపై నష్టపరిహారం కోరే అవకాశం 1957 చట్టంలోని 60వ సెక్షన్‌లో ఉంది. అయితే ఆ సెక్షన్ కింద బాధితుడే దావా వేయాలి. వేదిక తన ఒప్పంద నిబంధనల కింద వేసే స్ట్రైకును ఈ ‘బెదిరింపు’ అన్న మాటలో ఇమడ్చవచ్చునా అన్న చోట, ప్రశ్న మళ్లీ శబ్దార్థ విచారణలోకే వస్తుంది.