అధికముగా ముట్టిన వేతనము

హిందూపురము పరిసరములందలి కర్మాగారములలో పనిచేయువారికి పూర్వము జీతమును చేతికి లెక్కపెట్టి ఇచ్చెడివారు. పుచ్చుకొనినవాడు ఇచ్చినవాని యెదుటనే మరల లెక్కించుకొనెడివాడు. ఒక నోటు ఎక్కువ వచ్చినచో అక్కడనే బయటపడెడిది. నేడు వేతనము బ్యాంకు ఖాతాలో జమయగుచున్నది. ఇచ్చువాని ముఖము కానరాదు. రూ.18,000 రావలసిన కార్మికునకు ఒక నెల రూ.23,000 జమయైనదనుకొందము. చేయని అదనపు గంటలకు కూలి కట్టిరో, అదే పేరుగల మరియొకని లెక్క ఇతని లెక్కలో కలిసెనో తెలియదు. అడుగువారు లేరు. ఇంట పిల్లవాని ఫీజు కట్టవలసియున్నది. అంగడివాని బాకీ మిగిలియున్నది. ఈ అయిదువేలు ఎవరివి?

అస్తేయమనగా దొంగిలింపకుండుట అని చెప్పి ఊరకుండిన ఈ ప్రశ్న తీరదు. ఇతడు దొంగిలింపలేదు, అబద్ధమాడలేదు, చేయి చాపలేదు. సొమ్మే తనంతట వచ్చి చేరినది. అట్లు వచ్చి చేరిన పరుల సొత్తు విషయమును శ్రీమద్భాగవతము దశమస్కంధములో నృగోపాఖ్యానముగా చెప్పినది. నృగ మహారాజు లెక్కకు మించిన గోవులను దానము చేసినవాడు. ఆయన ఒక బ్రాహ్మణునకు ఇచ్చిన గోవు త్రోవ తప్పి మరల రాజుగారి మందలోనే కలిసినది. రాజు ఎరుగక దానినే మరియొక బ్రాహ్మణునకు ధారపోసెను. మొదటివాడు తన గోవును గుర్తించెను. ఇరువురును తగవుపడి రాజసన్నిధికి వచ్చిరి. దానికి బదులు లక్ష గోవులనిత్తునని రాజు వేడుకొనినను ఇద్దరును ఒప్పుకొనలేదు. పిమ్మట ఆ రాజు తొండయై ద్వారకలో ఒక నూతిలో పడియుండి, శ్రీకృష్ణుని కరస్పర్శచే విముక్తుడయ్యెను.

ఎరుగక చేసినదానికి ఇంత శిక్షయా అని పిల్లలు అడుగుదురు. అడుగదగినదే. కాని ఈ కథలో గమనింపవలసినది శిక్ష కంటె మంద. మందలో కలిసినంతమాత్రమున గోవు రాజుది కాలేదు. ఖాతాలో కలిసినంతమాత్రమున సొమ్ము ఖాతాదారునిది కాదు. నృగునకు తెలియునప్పటికి గోవు చేయి దాటిపోయినది. లక్ష గోవులును ఆ ఒక్కదానికి బదులు కాలేదు. ధనము విషయములో మనుష్యునకు ఆ చిక్కు లేదు. ఏ అయిదువేలిచ్చినను అయిదువేలే.

సొత్తుపై స్వామ్యము వచ్చు మార్గములను ధర్మశాస్త్రములు చెప్పియున్నవి. తాతతండ్రులనుండి రావలెను, కొనవలెను, ఒకరు దానమీయవలెను, లేదా పనిచేసి ఆర్జింపవలెను. ఈ అయిదువేలకు పని జరుగలేదు. దానమందుమా, దానమునకు దాత సంకల్పము కావలెను. గుమాస్తా వ్రేలు తప్పినది గాని యజమాని మనసు ఇచ్చినది కాదు. కావున ఇది న్యాసము వంటిది, ఒకడు దాచియుంచుమని మరచిపోయిన సొమ్ము వంటిది.

ఇక్కడ మనసు అనేక యుక్తులు పన్నును. అంత పెద్ద కంపెనీకి ఇదియొక లెక్కా అనును. గోవును పోగొట్టుకొనినవాడు ధనికుడైన నృగుని పాపము తగ్గెడిదా? గత సంవత్సరము నాకు పండుగ దినపు కూలి ఎగవేసిరి గదా, దానికిది చెల్లు అని మరియొక యుక్తి. ఇందులో కొంత బలమున్నదని ఒప్పుకొనవలెను. పనివానికి తక్కువ ముట్టుట అరుదు గాదు. అయినను ఎగవేసినదానిని నలుగురిలో అడిగి రాబట్టుకొనవలెను. గుట్టుగా చెల్లువేసికొనువాడు వాదియు తానే, న్యాయాధిపతియు తానే యగును.

అన్నిటికంటె సూక్ష్మమైన యుక్తి భక్తునిది. "నాకు వద్దు, కదిరి నరసింహస్వామి హుండీలో వేసెదను, దోషము పోవును" అనును. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండలో కోశాధికారిగా నున్న విరూపణ్ణ అక్కడి ఆలయమును కట్టించెను. వీరభద్రునితోపాటు రఘునాథునకును అందు సన్నిధి కలదు. రాజానుమతి లేక కోశధనమును వెచ్చించెనని నింద రాగా, విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనని జనులు చెప్పుకొందురు. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపమును, గోడపై ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. ఐతిహ్యమెట్లున్నను, దేవునికే పెట్టినను సొమ్ము ఎవరిదను ప్రశ్న తీరలేదని ఆ ప్రాంతపు ప్రజలు తరతరములుగా తలచిరనుట స్పష్టము.

భద్రాచల రామదాసు చరిత్రమందును ఇదియే. కంచర్ల గోపన్న గోలకొండ ప్రభుత్వమునకు చెందవలసిన పన్నుల ధనముతో రామాలయము కట్టించి చెరసాల పాలయ్యెను. తుదకు రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని భక్తులు పాడుకొందురు. భక్తుని బాధకు కరగి స్వామి వచ్చుట అందరును చెప్పునదే. కాని స్వామి "నా కోవెలకే గదా ఖర్చైనది" అనలేదే! కాసు తక్కువ కాకుండ చెల్లించెను, పత్రము వ్రాయించుకొనెను. తన గుడికి పెట్టిన పైకమునే తీర్చిన ప్రభువు, ఇతరుల జీతపు లెక్కలోని అయిదువేలను హుండీలో స్వీకరించునా?

తెలియక ముందే ఖర్చైపోయిన సొమ్ము మాట వేరు. ధర్మవరములో షావుకారు పట్టు, జరీ తూచి ఇచ్చి, నేసిన చీరకు కూలి వ్రాయును. ఒక చీర కూలి రెండుమార్లు పడినదని ఆరు నెలల పిమ్మట తెలిసినదనుకొందము. నేతగాడు ఆ పైకము తిన్నాడే గాని దాచలేదు. అప్పు తీర్చవలసినదే, కాని ఒక్కమారుగా కూలియంతయు ఆపివేసి అతని పొయ్యి ఆర్పు హక్కు షావుకారునకు లేదు. పొరపాటు పుట్టినది అతని పుస్తకమునందే గదా. 1872 నాటి కాంట్రాక్టు చట్టము పొరపాటున ముట్టిన ధనమును తిరిగి ఈయవలెనన్నది. ప్రభుత్వోద్యోగుల విషయమున సుప్రీంకోర్టు 2012లో అధికముగా చెల్లించినది ప్రజాధనమనియు, దానిని రాబట్టవచ్చుననియు చెప్పెను. 2014లో పంజాబు ఉద్యోగుల వ్యాజ్యమున మాత్రము, చిన్న తరగతుల ఉద్యోగులనుండియు, విశ్రాంతులనుండియు, అయిదేండ్లకు మించి అట్లు పొందుచు వచ్చినవారినుండియు రాబట్టరాదనెను. అది బలవంతుని చేతిని కట్టుటకే. పుచ్చుకొనినవాని మనసులోని లెక్కను న్యాయస్థానము చెరుపజాలదు.

కావున తెలిసిన దినముననే కార్యాలయమునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. పై నెలలో కొంతకొంతగా తగ్గించుకొనుడని కోరుటలో తప్పులేదు. నోట్లు తీసికొనిపోయి మేస్త్రి చేతిలో పెట్టుట మంచిది కాదు. అది యజమానికి చేరునో లేదో ఎవరెరుగుదురు? రామలక్ష్మణులే రసీదు అడిగిరి.

కంట్రాక్టరు పని ముగించి ఊరు విడిచిపోయి, జాడ తెలియనిచో ఏమి చేయవలెను? స్వామి ఎవరో తెలియని ధనమును రాజు మూడు సంవత్సరములు కాపాడి యుంచవలెననియు, ఈలోపల సొంతదారు వచ్చినచో ఈయవలెననియు మనువు విధించెను. గృహస్థునకును అంత గడువు తగినదే. అంతవరకు ఆ సొమ్మును వేరుగా నుంచి, అది ఎవరిదో ఇంటిలోని వారికి కూడ చెప్పియుంచవలెను. లేనిచో ఇతని తరువాత వారు అది తమదే ననుకొందురు.