నోటీసు బోర్డు చూసే ముందు

అమ్మాయీ,

వేర్వేరు శాస్త్రాలు కలిపి చదివే మీ విభాగంలో ఈ నెల వచ్చిన కబుర్లన్నీ నువ్వు పంపితే తీరిగ్గా చదివాను. వేసవి ఫెలోషిప్పులు, స్వయం ఆన్‌లైన్ పోర్టల్‌లో కోర్సులు, ఇంకో విశ్వవిద్యాలయంతో కలిసి సెమినారు, డ్రోన్ల మీద వర్క్‌షాపు, విదేశీ స్కాలర్‌షిప్పు. అన్నిటికీ పేరు ఇచ్చేయాలని ఉందన్నావు. నీ వయసులో ఆ ఉత్సాహం లేకపోతేనే నేను దిగులుపడేవాణ్ని. మీ నాన్న మాత్రం మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఫిజిక్సంటే ఫిజిక్సు, లా అంటే లా. అన్నీ కలిపి చదవడమేంటి, రేపు దీనికి ఉద్యోగం ఎవడిస్తాడు?" అని బెంగపడ్డాడు. వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాలే. నీకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న పట్టుకో తల్లీ. మన ఊరి ప్రశ్న. ఆ తర్వాతే నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లు.

విశాఖ పోర్టు సర్వే లాంచీల మీద సముద్రం లోతులు కొలిచిన ఉద్యోగం నాది. అందుకని నాకు బాగా తెలిసిన ఇసుక సంగతే చెబుతాను. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు మన తీరాన్ని ఏటవాలుగా కొడతాయి. దాంతో ఇసుక ఒడ్డు వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933లో హార్బరు తెరిచేనాటికే ఈ ఇసుకతో పెద్ద పేచీ వచ్చింది. కాలువ నోరు పూడిపోకుండా డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర పాత ఓడలు రెండింటిని ముంచేసి అడ్డుకట్టగా నిలబెట్టారు. 1970ల్లో ఔటర్ హార్బరు వచ్చింది, దానికి పొడవాటి బ్రేక్‌వాటర్లు వచ్చాయి. ఇసుక గోడకి దక్షిణాన ఆగిపోతే, గోడకి ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్‌కి రావాల్సిన వాటా తగ్గిపోతుంది. అందుకే ఆ ఇసుకని శాండ్ ట్రాప్‌లో పట్టి, డ్రెడ్జర్‌తో ఎత్తి, పైపుల్లో బీచ్‌కి పంపుతారు. అలా పోసినా కోత ఆగని ఏళ్లు ఉన్నాయి. రోడ్డు పక్క గోడలు కూలిన ఫొటోలు నువ్వూ పేపర్లో చూసే ఉంటావు.

ఇప్పుడు చెప్పు, ఈ ఇసుక ఏ డిపార్ట్‌మెంటుది? అలల లెక్క భౌతికశాస్త్రం వాళ్లది. రేణువు ఏ కొండ నుంచి ఏ ఏటి వెంట వచ్చిందో జియాలజీ వాళ్లు చెప్పాలి. గోడ కట్టింది సివిల్ ఇంజనీర్లు. ఒడ్డు నుంచి ఎంత దూరంలో ఏం కట్టొచ్చో చెప్పేవి చట్టం కింద వచ్చిన తీర నియంత్రణ నిబంధనలు. ఏటా ఇసుక పోసే ఖర్చు ఎవరు భరించాలన్నది ఆర్థికశాస్త్రం. పడవ లాక్కునే చోటు కరిగిపోతున్న జాలరి కుటుంబం మాటేమిటన్నది సమాజశాస్త్రం. ఇందులో ఏ ఒక్కరూ మిగతావాళ్ల మాట వినకుండా జవాబు చెప్పలేరు. మీ విభాగం ఉండాల్సింది ఇలాంటి పనికోసమే. మీ నాన్నకి నేను చెప్పబోయేదీ ఇదే.

ఇది కొత్తగా పుట్టిన ముచ్చటేం కాదు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి మన దేశంలో సముద్ర విజ్ఞానం ఒక చదువుగా ఇంకా కుదురుకోలేదు. సొంత ఓడ లేదు, నేవీ వాళ్ల ఓడలు అడిగి తీసుకున్నారు. జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్ లాంటి పెద్దలు తోడు నిలిచారు. వేర్వేరు శాస్త్రాల కుర్రాళ్లు ఒకే ఓడెక్కి నీటి వేడి, ఉప్పదనం, అడుగునున్న మట్టి, నీళ్లలో తేలే సూక్ష్మజీవులు చూశారు. వాల్తేరు బీచ్‌లో ఏ కాలంలో ఇసుక పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో కొలిచారు. ఆ పనిని 1954లో విశ్వవిద్యాలయమే ఒక సంపుటంగా అచ్చువేసింది. తర్వాతి కాలంలో మన తీరానికి ఎదురుగా సముద్ర గర్భంలో కనిపించిన లోయలకి లాఫాండ్ పెట్టిన పేర్లు తెలుసా? ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మన ఊరి ప్రొఫెసర్ పేరు సముద్రం అడుగున నిలిచి ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో ఆ సంపుటం కోసం అడుగు. దొరికితే ఒక రోజంతా దాంతోనే గడుపు.

ఆ ఓడెక్కిన ప్రతివాడికీ ఒక పని చేతిలో ఉంది, అది గమనించు. థర్మామీటరు దించడం ఒకరికొచ్చు, ఇసుక జల్లెడపట్టి రేణువుల్ని వేరుచేయడం ఒకరికొచ్చు, సూక్ష్మదర్శిని కింద జీవుల్ని గుర్తుపట్టడం ఇంకొకరికొచ్చు. చేతిలో పని ఉంది కాబట్టే పక్కవాడికి పనికొచ్చారు. నీకూ అలాంటిది ఒకటి ఉండాలి. గణాంకాలు కావచ్చు, మ్యాపులు చేసే జి.ఐ.ఎస్. కావచ్చు, పాత రికార్డులు చదవడం కావచ్చు, ఊళ్లో కూర్చుని జనం మాట రాసుకోవడం కావచ్చు. రెండేళ్లలో అందులో నిన్ను మించినవాళ్లు మీ క్లాసులో లేరనిపించుకో. వర్క్‌షాపు సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నా, "నీకేం చేయడం వచ్చు?" అని అడిగితే నీళ్లు నమిలే పిల్లల్ని చాలామందిని చూశాను. నువ్వు అలా కాకూడదనే ఇంత చెబుతున్నాను.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి కథ నీకు పూర్తిగా తెలియదనుకుంటాను. ఏ.వి.ఎన్. కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న లెక్కల విద్యార్థి. దరఖాస్తు ఆలస్యమైందని ఇక్కడ పరిశోధన స్కాలర్‌షిప్పు దక్కలేదు. సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. కానీ అక్కడ హోటల్లో పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నారు. ఆయన వెంట వెళ్లి చూసి, 1941లో అందులో చేరారు. 1946లో ఆ సంస్థ తరఫున కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ ఈ తెలుగాయన చేసిన పనేమిటో తెలుసా? సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో బయటపడ్డ ప్రాచీన అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించడం! మానవశాస్త్రం వాళ్ల ఎముకలు, లెక్కల వాడి బుర్ర. 1948లో డాక్టరేటు వచ్చింది. 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఎముకల గదిలోకి ఆయనకి దారిచ్చింది చేతిలో గట్టిగా ఉన్న గణితమే. ఆఖరి తేదీ దాటకుండా దరఖాస్తు పెట్టడం కూడా ఆయన కథలోంచే నేర్చుకో. అందరికీ కలకత్తా హోటల్లో అలాంటి మనిషి ఎదురుపడడు.

ఇక మీ నాన్న బెంగ. అది ఉత్త బెంగ అని నేననను. యు.జి.సి. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పి.జి. సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో ఉండాలి. నీ డిగ్రీ మీద రాసి ఉన్న పేరు ఏ సబ్జెక్టుకి అనుబంధంగా లెక్కకొస్తుందో మొదటి సెమిస్టరులోనే మీ విభాగాధిపతిని అడిగి, వీలైతే కాగితం మీద తీసుకో. నెట్ పరీక్ష ఏ సబ్జెక్టులో రాస్తావో ఇప్పుడే తేల్చుకుని, కోర్సులు దానికి తగ్గట్టు ఎంచుకో. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నీ ఖాతాలో చేరిన క్రెడిట్లేమిటో ప్రతి సెమిస్టరుకీ సరిచూసుకో. స్వయం కోర్సు చేరేముందే దాని క్రెడిట్లు మీవాళ్లు ఒప్పుకుంటారా అని అడుగు. చదివాక అడిగితే లాభం లేదు. దేశంలోని మూడు సైన్సు అకాడెమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పుకి తప్పకుండా పెట్టు. దొరికితే రెండు నెలలు మంచి గురువు దగ్గర కూర్చోవచ్చు. ఎవరి దగ్గర కూర్చోవాలో నీ ప్రశ్నే చెబుతుంది. ప్రశ్న లేకుండా రాసిన దరఖాస్తు చదివేవాళ్లకి మొదటి పేరాలోనే దొరికిపోతుంది.

ఊరు దాటకుండానే ఎంత ఉందో కూడా చూడు. లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కిర్లంపూడి లేఅవుట్‌లో తుపాను హెచ్చరికల కేంద్రం, సబ్బవరంలో న్యాయ విశ్వవిద్యాలయం. ఇవన్నీ నువ్వు సిటీ బస్సులో వెళ్లి రాగలిగినవి. మీ గైడు చేత ఒక ఉత్తరం రాయించుకుని వెళ్లి, నీ ప్రశ్న చెప్పు.

ఇసుక నీకు నచ్చకపోతే ఉక్కు తీసుకో. 1966లో ఊరూరా ఉద్యమం చేసి సాధించుకున్న ఫ్యాక్టరీ, సముద్రపు ఒడ్డున కట్టిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం, సొంత ఇనుప గనులు లేకుండా ఇన్నేళ్లు ఎలా నడిచింది, దానికి భూములిచ్చిన పల్లెల మనవలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? లేదా 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చిన సంగతి తీసుకో. పన్నెండు మంది పోయారు. ట్యాంకులో రసాయనం ఎందుకు వేడెక్కిందన్నది ఒక్క ప్రశ్న. ఒకప్పుడు ఊరవతల కట్టిన ఫ్యాక్టరీ గోడ దాకా ఇళ్లు ఎలా వచ్చాయి, నిద్రలో ఉన్నవాళ్లని లేపడానికి ఏ ఏర్పాటు ఉంది, ఆ గాలి పీల్చిన పిల్లల ఆరోగ్యాన్ని ఎన్నేళ్లు చూడాలి, ఇవి మరో మూడు. ఆ కుటుంబాలకి జవాబు చెప్పగలవాళ్లు మీలోంచి రావాలని నా కోరిక.

ఇసుకే తీసుకుంటే మాత్రం వేసవిలో మొదలుపెట్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. పెదజాలరిపేటలో పెద్దవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, మాట్లాడే తీరిక ఉంటుంది. అయితే అవి సంపాదన లేని రోజులు కూడా. మొదటి రోజే ప్రశ్నల కాగితం తీయకు. కూర్చో, వాళ్లు చెప్పేది విను. ఒడ్డు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చూపించమను, ఆ చోటు ఫోన్‌లో గుర్తుపెట్టుకో. నువ్వు ఇంటికొచ్చేసరికి నా పాత సర్వే పుస్తకాలు తీసి ఉంచుతాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న