బెంచి మీద ఉన్నన్నాళ్ళూ ఎవరివాడు?

2023 నవంబరు 12, లండన్‌లోని స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానం. తొంభై నిమిషాలు దాటిపోయాయి. మాంచెస్టర్ సిటీ 4, చెల్సీ 3. చెల్సీకి పెనాల్టీ దొరికింది. బంతి తీసుకున్నది కోల్ పామర్, పది వారాల కిందటి దాకా సిటీ కుర్రాడు. గోల్ కొట్టాడు. 4-4. ఆ రోజు మనకి దీపావళి. మ్యాచ్ మొదలయ్యేసరికే ఇక్కడ రాత్రి పది. టపాకాయలు ఆ రాత్రికే అయిపోయాయి గానీ, వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. పామర్‌ని వదులుకుని సిటీ తప్పు చేసిందా?

ఈ వాదనలో సిటీ అభిమానులు మూడు జట్లు. "బంగారం లాంటి కుర్రాణ్ణి చేజేతులా పోగొట్టుకున్నాం" అనేది ఒక జట్టు. "ఆ ఏడాది కూడా లీగ్ మనమే గెలిచాం కదా, ఇంకేం పోయింది?" అనేది రెండోది. "ఓపిక లేక వెళ్ళాడు, వెళ్ళనీ" అనేది మూడోది. ఒకళ్ళ మాట ఒకళ్ళు ఒప్పుకోరు. కానీ మొదటి రెండు జట్ల వాళ్ళనీ శ్రద్ధగా వింటే ఒక మాట ఇద్దరి నోటా వినిపిస్తుంది: "ఎంతైనా మనోడే". మూడో జట్టు కూడా, కాస్త తాపీగా ఉన్నప్పుడు, ఆ మాట అంటుంది.

నన్ను ఆపింది ఆ "మనోడు" అనే మాటే. ఆట మీద వాదన ఎలాగూ తెగదు. ఒక మనిషిని మనవాడు అనే హక్కు ఎప్పుడు, దేనివల్ల వస్తుంది అన్నది మాత్రం మైదానం బయట కూడా అడగాల్సిన ప్రశ్న.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. పామర్ దక్షిణ మాంచెస్టర్‌లోని విథెన్‌షాలో పుట్టాడు. చిన్నపిల్లాడిగా సిటీ అకాడమీలో చేరాడు. పెద్ద జట్టుకి అన్ని పోటీల్లో కలిపి 41 మ్యాచ్‌లు ఆడాడు, 6 గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో సిటీ తరఫున ఒక్క గోల్ కూడా లేదు. ఆ 41 మ్యాచ్‌ల్లో చాలావాటికి అతను చివర్లో వచ్చినవాడే. 2023 ఆగస్టులో మాత్రం పది రోజుల తేడాలో కమ్యూనిటీ షీల్డ్‌లో ఆర్సెనల్ మీద ఒకటి, సూపర్ కప్‌లో సెవియా మీద ఒకటి కొట్టాడు. అప్పటికే రియాద్ మహ్రెజ్ సౌదీకి వెళ్ళిపోయాడు కాబట్టి, కుడివైపు చోటు ఖాళీగానే కనిపించింది. అంతలో సిటీ జెరెమీ డోకుని కొనుక్కుంది. సెప్టెంబరు 1న పామర్ చెల్సీకి వెళ్ళాడు. ధర 4 కోట్ల పౌండ్లు, పైన షరతుల మీద ఇంకో 25 లక్షలు. అప్పటికి అతనికి ఇరవై ఒకటి.

అతను రెండు సీజన్లుగా వెళ్తానని అడుగుతూనే ఉన్నాడని, తనే ఉండమన్నానని కోచ్ పెప్ గార్డియోలా తర్వాత చెప్పాడు. అతనికి రావాల్సినన్ని నిమిషాలు తాను ఇవ్వలేకపోయానని కూడా అన్నాడు. పామర్ చెప్పేది కొంచెం వేరు. శాశ్వతంగా వెళ్ళాలన్నది మొదట తన ఆలోచన కాదనీ, ఒక ఏడాది లోన్ మీద వెళ్ళి ఆడదామనుకున్నాననీ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. ఒకే గదిలో జరిగిన మాట, కుర్చీని బట్టి వేరుగా వినిపిస్తుంది.

చెల్సీలో మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 22 గోల్స్, 11 అసిస్టులు. ఇంగ్లండ్‌లో ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడు. సిటీ ఏమీ కుంగిపోలేదు. 91 పాయింట్లతో వరసగా నాలుగోసారి లీగ్ గెలిచింది. చెల్సీ 63 పాయింట్లతో ఆరో స్థానం.

మొదటి జట్టు వాదన చూద్దాం. "ఆ 22 గోల్స్ మనవి" అంటారు వాళ్ళు. అంటే ఆ గోల్స్ పామర్ లోపల ముందే తయారై, బ్యాంకులో డిపాజిట్‌లాగా దాచి ఉన్నాయనీ, అవి చెల్సీ విత్‌డ్రా చేసుకుందనీ లెక్క. కానీ ఆ 22లో 9 పెనాల్టీలు. సిటీలో పెనాల్టీలు కొట్టడానికి ఎర్లింగ్ హాలండ్ ఉన్నాడు. ఆ తొమ్మిది అక్కడ పుట్టేవే కావు. మిగిలినవి కొట్టడానికి వారం వారం మొదటి నిమిషం నుంచి ఆడాలి. రెండు మ్యాచ్‌లు బాగా ఆడకపోయినా మూడోదానిలో చోటు ఉండాలి. అప్పటి చెల్సీ అతుకుల బొంత లాంటి జట్టు. అందులో అందరూ బంతిని అతనికే ఇచ్చి, ఏదో ఒకటి చెయ్యమన్నారు. సిటీలో ఆ పాత్రే లేదు. ఆ గోల్స్‌లో సగం పామర్‌వి అయితే సగం ఆ చోటువి.

ఇంకో సంగతి. అదే సీజన్‌లో ఫిల్ ఫోడెన్ లీగ్‌లో 19 గోల్స్ కొట్టి, తోటి ఆటగాళ్ళ ఓట్లతో ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు. అతనూ సిటీ అకాడమీ పిల్లాడే. పామర్ ఉండి, ఆ నిమిషాల్లో కొన్ని పంచుకుని ఉంటే ఫోడెన్‌కి ఆ ఏడాది అలా ఉండేదా? ఎవరూ చెప్పలేరు. పోయినవాడి గోల్స్ కూడినంత సులువుగా, ఉన్నవాడి గోల్స్ తీసివెయ్యం. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

చెల్సీ అభిమానులకి ఈ బాధ కొత్తేమీ కాదు. 2014లో వాళ్ళు తెచ్చుకున్న మొహమ్మద్ సలా లీగ్‌లో 13 మ్యాచ్‌లాడి 2 గోల్స్ కొట్టాడు. ఇటలీ వెళ్ళి, ఫియొరెంటీనా, రోమా జట్లకి ఆడి, 2017లో లివర్‌పూల్‌కి వచ్చాడు. వచ్చిన ఏడే 32 గోల్స్. "ఆ సలాని మేం వదులుకున్నాం" అని వాళ్ళు ఇప్పటికీ అంటారు. వాళ్ళు వదులుకున్నది ఆ సలాని కాదు. రెండున్నరేళ్ళ ఇటలీ ఇంకా పట్టని ఇంకొకణ్ణి.

ఇక రెండో జట్టు. "గెలిచాం కాబట్టి తప్పు లేదు." ఇది వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ ఆర్సెనల్ ఆ ఏడాది 89 పాయింట్ల దగ్గర ఆగింది. తేడా రెండే పాయింట్లు. ఎక్కడో ఒక మ్యాచ్ అటూ ఇటూ అయ్యుంటే అదే అమ్మకం, అదే సంతకం, "ఘోరమైన తప్పు" అయ్యేది. మే నెల ఫలితాన్ని బట్టి సెప్టెంబరులో చేసిన పని మంచీ చెడూ మారిపోతుందా?

ఈ చిక్కుని తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో "నైతిక అదృష్టం" అనే పేరుతో చర్చకి పెట్టాడు. అతని ఉదాహరణ చిత్రకారుడు గోగాఁ, కొంత చరిత్ర, కొంత ఊహ కలిపిన గోగాఁ. బొమ్మల కోసం పెళ్ళాంబిడ్డల్ని వదిలి సముద్రాలు దాటి వెళ్ళిపోయిన మనిషి. గొప్ప చిత్రకారుడు అయితేనే ఆ వెళ్ళడానికి ఏదో ఒక సమర్థన దొరుకుతుంది. కాకపోతే వదిలేసినవాడిగా మిగిలిపోతాడు. కానీ అవుతాడో కాడో బయల్దేరే రోజున అతనికే తెలీదు. సమర్థన ఉంటే అది వెనకనుంచే వస్తుంది అంటాడు విలియమ్స్.

అభిమానులు పామర్ విషయంలో తీర్పు చెప్పేది సరిగ్గా ఇలాగే. బాగా ఆడాడు కాబట్టి వెళ్ళి మంచి పని చేశాడు. ఆడకపోయుంటే తొందరపడ్డాడు. నాకు ఇక్కడే పేచీ ఉంది. గోగాఁకి గెలుపు ఎందుకు కావాల్సొచ్చింది? అతను వదిలేసినవాళ్ళు రోడ్డున పడ్డారు కాబట్టి. ఆ బరువుకి సరితూగేది ఏదో ఒకటి చూపించాలి. పామర్ ఎవరినీ రోడ్డున పడెయ్యలేదు. క్లబ్‌కి దాని ధర దానికి ముట్టింది. తనకొచ్చిన పని తను చేసుకుంటానన్నాడు, అంతే. ఇరవై ఒక్కేళ్ళవాడు ఆడతానని అడగడం సరైనది కావడానికి 22 గోల్స్ అవసరం లేదు. రెండే కొట్టినా అది సరైన కోరికే.

ఇలా చూస్తే ఇంతమంది వాదించుకునే చోట ఎవరి ఊసూ రానివాళ్ళు గుర్తొస్తారు. ప్రతి వేసవిలో పెద్ద క్లబ్బుల అకాడమీల నుంచి బోలెడుమంది కుర్రాళ్ళు బయటికి వెళ్తారు. ఎక్కువమంది కింది డివిజన్లలో కొన్నాళ్ళు ఆడి, ఆట మానేసి, వేరే పనుల్లో పడతారు. వాళ్ళూ అదే బెంచి మీద కూర్చున్నారు, అదే మాట అడిగారు. "వాణ్ణి వదులుకున్నాం" అని వాళ్ళ గురించి ఎవరూ బాధపడరు. వాళ్ళని ఎవరూ మనోడు అనరు. అంటే మనోడు అనే పిలుపుకి టికెట్ గెలుపే అన్నమాట. అంత ప్రేమగా వినపడే మాటకి ఇంత వ్యాపారం ఉందా అనిపిస్తుంది.

అసలు వ్యాపారం సంగతి కూడా చెప్పాలి. క్లబ్బుల ఖాతాల్లో కొన్న ఆటగాడి ధరని ఒప్పందం ఏళ్ళ మీద పరుస్తారు. 5 కోట్లకి ఐదేళ్ళకి కొంటే, మూడేళ్ళ తర్వాత పుస్తకాల్లో అతని విలువ 2 కోట్లు. అప్పుడు 4 కోట్లకి అమ్మితే లాభం 2 కోట్లే. అకాడమీలో పెరిగినవాడికి పుస్తకాల్లో కొన్న ధర లేదు. 4 కోట్లకి అమ్మితే 4 కోట్లూ లాభమే. మూడేళ్ళలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదని ప్రీమియర్ లీగ్ నియమం పెట్టిన కాలంలో, ఈ తేడా చిన్నది కాదు. సిటీ పామర్‌ని ఇందుకే అమ్మిందని నేను అనడం లేదు. పామర్‌ని చూసి సంబరపడిన చెల్సీయే, ఆరేడేళ్ళ వయసు నుంచి పెంచిన మేసన్ మౌంట్‌ని 2023లో మాంచెస్టర్ యునైటెడ్‌కీ, కానర్ గాలహర్‌ని 2024లో అట్లెటికో మాడ్రిడ్‌కీ అమ్మింది. గాలహర్ అంతకుముందు సీజన్‌లో చాలా మ్యాచ్‌లకి కెప్టెన్ కూడా.

పెరటి చెట్టు మందుకి పనికిరాదు అన్నది మన సామెత. ఇప్పుడు దానికి ఇంకో ముక్క కలిపారు: అమ్మకానికి మాత్రం అదే బాగా పనికొస్తుంది. స్టాండ్స్‌లో అభిమానులు "మా ఊరి పిల్లాడు" అని పాడుతుంటే, ఆఫీసులో అదే కారణానికి అతను అన్నిటికన్నా లాభసాటి సరుకు.

ఇంతా చెప్పి కోచ్‌ని దుర్మార్గుణ్ణి చెయ్యడం అన్యాయం. పదకొండు మందే ఆడగలరు. బెంచి దానంతట అదే అవమానం కాదు. 2024 యూరో కప్‌లో ఇంగ్లండ్ తరఫున పామర్ ఒక్క మ్యాచ్ కూడా మొదటినుంచి ఆడలేదు. స్పెయిన్‌తో ఫైనల్లో 70వ నిమిషంలో వచ్చి, 73వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. ఇంగ్లండ్ ఓడిపోయింది, అది వేరే సంగతి. ఆ బెంచి మీద అతనికి అన్యాయం జరిగిందని గట్టిగా అనలేం. నెల రోజుల బెంచి వేరు, ఇరవయ్యో ఏటి నుంచి ఎన్నేళ్ళో తెలియని బెంచి వేరు. ఆ వయసులో వాయిదా వేసిన ఏడాది మళ్ళీ రాదు. బెంచి మీద కూర్చోబెట్టే హక్కు కోచ్‌కి ఉంది. దాంతోపాటు, నీ వంతు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నిజం చెప్పే బాధ్యత కూడా ఉంది. ఆ నిజం చెప్పాక, వెళ్తానంటే తలుపు తియ్యాలి. సిటీ తలుపు తీసింది. ఆ మేరకి సిటీ చేసింది మంచి పనే, లీగ్ గెలిచినా ఓడినా.

మరి "మనోడు" అనే మాట పూర్తిగా అబద్ధమా? కాదు. పామర్ బంతిని అందుకునే తీరు, తలెత్తి చూసే తీరు, తొందర లేకపోవడం, ఇవన్నీ మాంచెస్టర్‌లో పదిహేనేళ్ళ పాటు అతనికి అబ్బినవి. నేర్పినవాళ్ళకి దాని మీద హక్కు ఉంది. అయితే అది గురువుకి ఉండే హక్కు, యజమానికి ఉండేది కాదు. శిష్యుడి చేతిలో ఓడిపోవడం గురువుకి గర్వం అని పెద్దలు చెప్తారు. స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో ఆ పెనాల్టీ చూసి, ఒళ్ళు మండుతూనే, లోపలెక్కడో కాస్త గర్వపడ్డ సిటీ అభిమాని ఎవరైనా ఉంటే, అతను మనోడు అంటే నేను ఒప్పుకుంటాను. మన వస్తువు పక్కింట్లో ఉందే అని కుళ్ళుకున్నవాడు అంటే ఒప్పుకోలేను.

ఆఫీసుల్లో కూడా ఇదే జరుగుతుంది. మూడేళ్ళు మూల కుర్చీలో కూర్చున్న మనిషి రాజీనామా ఇచ్చాక హఠాత్తుగా "మన టీమ్‌కి ఆస్తి" అవుతాడు. రెండేళ్ళకి వేరే కంపెనీలో పెద్ద పేరు తెచ్చుకుంటే, "మా దగ్గరే నేర్చుకున్నాడు" అంటారు. అది నిజమే కావచ్చు. ఆ మూడేళ్ళలో ఒక్కసారైనా అతని పని చూసి ఎవరైనా ఆ మాట అన్నారా అన్నదే ప్రశ్న.

జట్టు ఎంపిక అభిమాని చేతిలో లేదు, అమ్మకం అసలే లేదు. ఉన్నదల్లా ఆ పిలుపు. దాన్ని ఎప్పుడు వాడతాం అన్నది మాత్రం పూర్తిగా మన ఇష్టం. వచ్చే శనివారం మ్యాచ్‌లో 85వ నిమిషానికి ఒక కుర్రాడు ట్రాక్‌సూట్ విప్పి గీత దగ్గర నిలబడతాడు. తెరమీద పేరు పడేదాకా చాలామందికి అతనెవరో తెలీదు. ఐదు నిమిషాలు పరిగెడతాడు, బంతి రెండుసార్లు తగులుతుందేమో. మనోడు అనాలంటే అప్పుడు అనొచ్చు.