నిద్రపోయినా ఆగని పని

ఈ రోజు చదవండి: మార్కు సువార్త 4:26–29

అండు కొర్రలు అనే చిరుధాన్యం ఎప్పుడైనా వండారా? కొర్రలు తెలిసినవాళ్లలో కూడా ఈ పేరు విననివాళ్లు ఎందరో ఉంటారు. గింజ చిన్నదే కానీ గట్టిది. బియ్యంలా కడిగి వెంటనే పొయ్యి మీద పెడితే కుదరదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు నానాలి.

అందుకే ఈ అన్నం తినే ఇంట్లో రేపటి వంట ఈ రాత్రే మొదలవుతుంది. పడుకునే ముందు ఒక గ్లాసు గింజలు కడిగి, మునిగేలా నీళ్లు పోసి, మూత పెడతారు. అంతే. మధ్యరాత్రి లేచి ఎవరూ మూత తీసి చూడరు. చూసినంత మాత్రాన త్వరగా నానదు కదా!

మరి మన మనసో? పడుకున్నాక ఎన్నిసార్లు మూత తీస్తుందో లెక్కే లేదు. పిల్లల ఫీజు, అత్తయ్యగారి రిపోర్టు, ఇంటి అద్దె, ఇంకా కబురు రాని ఉద్యోగం. తెల్లారేసరికి ఏదీ తేలదు, ఒళ్లు మాత్రం అలిసిపోతుంది. మీకూ నిన్న రాత్రి అలాగే గడిచిందా?

ఈ గింజ పండే చోటికి ఒకసారి వెళ్లొద్దాం. అనంతపురం, మడకశిర వైపు, సరిహద్దు దాటితే కర్ణాటకలోని పావగడ చుట్టుపక్కల, వానే ఆధారమైన మెట్ట పొలాలు. ఎండ తగలక మిగతా పంటలు ఎదగని చింతచెట్ల నీడలో కూడా అండు కొర్ర పండుతుంది. పొట్టు తీయడం కష్టం, అడిగేవాళ్లూ తక్కువ. అయినా ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎంతో ముందు నుంచీ, ఎవరూ పట్టించుకోని రోజుల్లో కూడా, ఆ రైతులు దీన్ని వదులుకోలేదు.

ఆ రైతు చేతిలో ఉన్నదెంత? చెట్టును పక్కకు జరపలేడు. మబ్బును పిలవలేడు. నేల దున్నుతాడు, పదును చూసి విత్తుతాడు, కలుపు తీస్తాడు. మట్టి కింద మొలక ఎప్పుడు విచ్చుకుందో, కంకి ఏ రాత్రి పాలు పోసుకుందో ఆయన చూడలేదు. మూడు నెలలు తిరిగేలోపే కోతకొస్తుంది.

యేసు ప్రభువు చెప్పిన చిన్న ఉపమానం కూడా ఇదే. ఒక మనిషి విత్తనం చల్లాడు. రాత్రి పడుకున్నాడు, పగలు లేచాడు. అది ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు, అయినా పెరిగింది. పంట పండగానే కొడవలి పట్టాడు. అతను సోమరి కాడు. విత్తే వేళ విత్తాడు, కోసే వేళ కోశాడు. ఆ రెంటికీ మధ్యనున్న రాత్రుల్లో నిద్రపోయాడు. ఆ నిద్రను ప్రభువు తప్పు పట్టలేదు.

నిజమే, వాన మొహం చాటేసే ఏళ్లూ ఉంటాయి. విత్తిందంతా చేతికి రాని బాధ రాయలసీమ రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. నమ్మినవాళ్ల ఇంటికి కష్టం రాదని నేను మీకు చెప్పలేను. కానీ పంట బాగున్న ఏడు మనల్ని చూసిన దేవుడి కళ్లే ఎండిన ఏడూ చూస్తున్నాయని చెప్పగలను. రైతు ఆ ఏడు కూడా కాసిని గింజలు విత్తనానికి దాచుకుంటాడు. నమ్మకం ఒక్కోసారి అంత చిన్నగానే ఉంటుంది. దేవుడికి అదీ చాలు.

మిత్రమా, మీరు మేలుకుని కాపలా కాస్తేనే మీ ఇల్లు నిలుస్తుందని ఎవరన్నారు? మీ పిల్లల్ని మీకంటే ముందు ఎరిగినవాడు మేలుకునే ఉన్నాడు. మీ చేతికి అందని చోట ఆయన పని సాగుతూనే ఉంది.

ఈ రాత్రి ఇలా చేద్దామా? రేపు మీ చేతనైన పని ఒక్కటి, ఒక్కటే, కాగితం మీద రాయండి. డాక్టరుగారికి ఫోను చేయడమో, ఇంటి ఓనరుతో నెమ్మదిగా మాట్లాడి వారం గడువు అడగడమో. చేతకానివన్నీ పేరుపేరునా దేవుడికి చెప్పండి. దాచక్కర్లేదు, పెద్ద మాటలూ అక్కర్లేదు. ఆ తర్వాత ఫోను పక్క గదిలో పెట్టి పడుకోండి.

ప్రార్థన: తండ్రీ, నా వంతు పని చేసే ఓపిక ఇవ్వు. నా వంతు కానిదాన్ని పట్టుకుని వేలాడకుండా నన్ను ఆపు. రేపు నేను రాసుకున్న ఆ ఒక్క పనీ చేస్తాను, మిగిలింది నీకు వదిలేస్తాను. ఆమేన్.